జ్వరమొచ్చిందని చెప్పుకోనివ్వు

చిరంజీవి చిన్నీకి అమ్మ ఆశీస్సులు.

ఒకే ఊళ్లో ఉంటూ ఉత్తరమేంటని నవ్వుకుంటావేమో, నవ్వుకో. ఫ్లోర్‌లో అందరికీ ఫ్లూ మందు టామీఫ్లూ ఇచ్చేద్దామా అని ఆదివారం నువ్వడిగినదానికి "వద్దు" అని ఒక్క ముక్కలో చెప్పాను గానీ, ఎందుకు వద్దో చెప్పేలోపు నీకు ఇంకో కాల్ వచ్చింది. ముప్ఫై మంది మీద మేనేజర్‌వి. నువ్వు చెప్పే మాట ముప్ఫై ఇళ్ల దాకా పోతుంది. అందుకే తీరిగ్గా రాస్తున్నాను, నువ్వూ తీరిగ్గా చదువు.

ముందు మందుల సంగతి. టీమ్‌లో ఇద్దరికి ఇన్‌ఫ్లుయెంజా-ఏ (ఫ్లూలో ఒక రకం) అని రిపోర్టు వచ్చిందని ఫ్లోర్ మొత్తానికి టామీఫ్లూ పంచడం తెలివైన పని కాదు. ఆ మందు అసలు పేరు ఒసెల్టామివిర్. జ్వరం మొదలైన 48 గంటల్లోపు పడితే బాగా పనిచేస్తుంది. ఎవరికి అవసరమో డాక్టరు చూసి రాయాలి. 2009లో స్వైన్‌ఫ్లూ వచ్చినప్పుడు కేంద్ర ఆరోగ్య శాఖ ఆసుపత్రుల్లో పనిచేసే మాకు రోగులను ఎ, బి, సి అని మూడు రకాలుగా విడదీయమని చెప్పింది. మామూలు జ్వరం, దగ్గు, గొంతునొప్పి, ఒళ్లునొప్పులైతే 'ఎ'. వాళ్లకు పరీక్షా అక్కర్లేదు, టామీఫ్లూ అక్కర్లేదు. ఇంటిపట్టున ఉండి, జబ్బు ఎటు తిరుగుతోందో ఒకటి రెండు రోజులు చూసుకోవాలి. జ్వరం, గొంతునొప్పి తీవ్రంగా ఉన్నవాళ్లు 'బి'. జబ్బు అంత లేకపోయినా గర్భిణులు, చిన్నపిల్లలు, 65 దాటినవాళ్లు, షుగరు, గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్నవాళ్లు కూడా అందులోకే వస్తారు. మందు వీళ్లకు. ఆయాసం, ఛాతీలో నొప్పి, మగత, కఫంలో రక్తం, గోళ్లు నీలంగా మారడం, వీటిలో ఏది కనిపించినా 'సి', ఆలోచించకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. నర్సుగా నేను రిటైరైనా ఇప్పటికీ ఎవరు ఫోన్ చేసినా ఈ లెక్కే చూస్తాను. అజిత్రోమైసిన్ మాట కూడా ఎత్తకు. మెడికల్ షాపువాడు అడక్కుండానే ఇస్తాడు గానీ, అది బ్యాక్టీరియాకు మందు, ఫ్లూ వైరస్‌ను ఏమీ చేయదు.

నువ్వు చెప్పినదాన్ని బట్టి మీ వాళ్లంతా 'ఎ'లోనే ఉన్నారు, ఒక్కరు తప్ప. ఆరో నెల కడుపుతో ఉన్న అమ్మాయి ఒకతి ఉందన్నావు చూడు, ముందు ఆమె సంగతి చూడు. జ్వరం వచ్చేదాకా ఆగకుండా రేపటి నుంచే ఇంటి దగ్గర పని చేసుకోమను. కాస్త ఒళ్లు వెచ్చబడినా అదే రోజు డాక్టరుకు చూపించుకోమను. గర్భిణులకు ఈ ఫ్లూ ముదిరి న్యుమోనియాలోకి దిగిందంటే మాటలు కాదు, అప్పట్లో మేం ఎక్కువ భయపడింది వాళ్ల గురించే. మీ ఫ్లోర్‌లో అంత గోల జరుగుతుంటే, ఆ అమ్మాయి ఊసు మాత్రం నీ నోట మాటల మధ్యలో ఒక్కసారి దొర్లిందంతే.

అప్పుడు నువ్వు ఇంటర్. గుర్తుందో లేదో, దేశంలో స్వైన్‌ఫ్లూ మొదటి కేసు తేలింది మన హైదరాబాద్‌లోనే, 2009 మే నెలలో. అమెరికా నుంచి దుబాయ్ మీదుగా శంషాబాద్‌లో దిగిన కుర్రాడు. ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రిలో పెట్టారు, కోలుకుని ఇంటికెళ్లాడు. అప్పుడు ఊళ్లో ఎవరికీ చీమ కుట్టినట్టయినా లేదు. జూన్‌లో డబ్ల్యూహెచ్‌ఓ మహమ్మారి అని ప్రకటించినా పేపర్లో చదివి పక్కన పెట్టేశారు. ఆగస్టులో పుణెలో 14 ఏళ్ల బడిపిల్ల చనిపోయింది, దేశంలో అదే మొదటి మరణం. ఇక టీవీల్లో పొద్దస్తమానం అదే. కోఠిలో మాస్కు దొరకడం గగనమైపోయింది. కర్పూరం, యాలకులు మూటగట్టి వాసన చూస్తే ఫ్లూ రాదని ఎస్సెమ్మెస్‌లు వచ్చాయి. మీ నాన్న కూడా నాకు తెలియకుండా ఒక మూట జేబులో వేసుకుని తిరిగారు, ఉతికినా ఆ చొక్కా వాసన పోలేదు. నర్సు మొగుడివై ఉండి ఇదేం పని అంటే, "నువ్వు మందులు చూసుకో, నేను మూట చూసుకుంటా" అన్నారు.

ఆగస్టు నాటికి కేసులు పెరిగిన మాట నిజమే, భయం మాత్రం దానికి పదింతలు పెరిగింది. ఏ జబ్బూ లేనివాళ్లు పరీక్ష చేయమంటూ ఓపీకి వచ్చి, నిజంగా దగ్గుతున్నవాళ్ల పక్కన గంటలు గంటలు నిలబడేవాళ్లు. మేమేమో గొంతులోంచి తీసిన స్వాబ్‌లను ఐస్ బాక్సులో పెట్టి నారాయణగూడ ఐపీఎం ల్యాబుకు పంపుతూ, అవసరం ఉన్నవాళ్ల స్వాబ్‌లు ఆలస్యమవుతుంటే లోపల్లోపల ఉడికిపోయేవాళ్లం.

బయటి జనాన్ని అని ఏం లాభం? మా లోపలే చూడు. ఫ్లూ వార్డుకు డ్యూటీ పడ్డ సిస్టర్లం డ్యూటీ రూమ్‌లో అన్నం తింటుంటే మిగతావాళ్లు లోపలికి వచ్చేవాళ్లు కాదు. మా టిఫిన్ డబ్బాలను ఎవరో కిటికీ గట్టు మీదకు జరిపారు. మంచినీళ్ల దగ్గర ఒక స్టీలు గ్లాసుకు బ్యాండేజీ గుడ్డ ముక్క కట్టి, అది మాదని చూపించారు. వాళ్లంతా నర్సింగ్ చదివినవాళ్లు. ఏ రోగం ఎలా అంటుకుంటుందో పరీక్షలో రాసి పాసైనవాళ్లు. కోరంటి దవాఖాన (అదే, నల్లకుంట ఫీవర్ ఆసుపత్రి) వెనక వీధిలో ఇన్నేళ్లుగా కాపురం ఉంటున్నదాన్ని, కలరా అని, డిప్తీరియా అని, డెంగ్యూ అని ఈ ఊరి భయాలన్నీ మన గేటు ముందు నుంచే పోవడం చూశాను. కానీ ఆ గ్లాసు చూసినప్పుడు కలిగిన బాధ ఎప్పుడూ కలగలేదు.

మా వార్డులో ఔట్‌సోర్సింగ్ కుర్రాడు ఒకడుండేవాడు. నీకంటే రెండు మూడేళ్లు పెద్దేమో. ఒకరోజు రెండు మాస్కులు వేసుకుని వచ్చాడు. జాగ్రత్తపరుడే అనుకున్నాం. ఆక్సిజన్ సిలిండర్ ట్రాలీ మీదకు ఎక్కిస్తుంటే చేతుల్లో పట్టు లేక జారింది, గోడకు తగిలి పెచ్చు ఊడింది. కూలబడ్డవాణ్ని పైకి లేపుదామని చెయ్యి పట్టుకుంటే కాలిపోతోంది. థర్మామీటర్ పెడితే 102. ఎప్పట్నుంచిరా అంటే నేల చూపులు చూశాడు. పారాసిటమాల్ మింగి, జ్వరం దిగిన కాసేపట్లో సంతకం పెట్టి, మళ్లీ ఎక్కేలోపు మరొకటి మింగుతూ రోజులు నెట్టుకొస్తున్నాడట. రాకపోతే జీతం కోత, అది మాకూ తెలుసు. వాడు తర్వాత చెప్పింది ఇంకోటి. "జీతం పోతే పోనీ సిస్టర్, ఆ గ్లాసు చూశాక చెప్పబుద్ధి కాలేదు" అన్నాడు.

మేట్రన్‌గారు తిడతారనుకున్నాం. ఆవిడ వాణ్ని ఆటో ఎక్కించి ఇంటికి పంపి, కాంట్రాక్టర్ తాలూకు సూపర్‌వైజర్‌ను పిలిపించి ఎదురుగా కూర్చోబెట్టారు. జ్వరమొచ్చినవాళ్లు ఆవిడకే ఫోన్ చేయాలి, విషయం ఆవిడ దగ్గరే ఆగిపోతుంది. ఆ డ్యూటీ ఇంకొకరు చేస్తారు, తగ్గాక వాళ్ల బదులు వీళ్లు చేస్తారు. ఆబ్సెంట్ పడదు, జీతం తెగదు. ఇది నోటీసు బోర్డులో పెట్టలేదు, వార్డు వార్డుకూ తిరిగి స్వయంగా చెప్పారు. ఆ గ్లాసుకు కట్టిన గుడ్డ కూడా ఆవిడే విప్పేసి, అందరి ముందూ అందులోనే నీళ్లు తాగారు. (తాగే ముందు గ్లాసు శుభ్రంగా కడిగారులే.) ఆ వారంలోనే జ్వరాలు బయటపడ్డాయి. ఆఫీసులో గుమాస్తా ఒకాయన, ల్యాబ్ అమ్మాయి, మా వార్డులోనే ఇంకొకరు. వాళ్లంతా అప్పటిదాకా మా మధ్యే తిరుగుతున్నారు.

ఇక మీ ఆఫీసు సంగతి. గేటు దగ్గర నుదుటికి గన్ పెట్టి జ్వరం చూస్తున్నారన్నావు. ఫ్లూ సోకినవాళ్లు లక్షణాలు కనిపించడానికి ఒకరోజు ముందు నుంచే ఇతరులకు అంటించగలరు, ఆ రోజు నుదురు చల్లగానే ఉంటుంది. జ్వరం ఉన్నవాడు కూడా పార్కింగ్‌లో బండి దిగి ఒక డోలో వేసుకుని, టీ తాగి వస్తే గన్ వాణ్ని పట్టుకోలేదు. మా కుర్రాడు అంతకంటే తెలివైనవాడేమీ కాదు. ఫ్లోరంతా పొగ పట్టించారన్నావు. దానివల్ల దుమ్ము పడని ఆ ఎలర్జీ అమ్మాయికి దగ్గు ఎక్కువైంది. ఎక్కువైందని ఆమెను తీసుకెళ్లి ప్యాంట్రీ పక్కన ఒంటరిగా కూర్చోబెట్టారు. రిపోర్టు వచ్చిన ఇద్దరి పేర్లూ ఎవరో గ్రూపులో పెడితే, కింద "వీళ్లతో లంచ్ చేసిందెవరు" అని వరసగా పేర్లు. ఇక మూడో పేరు బయటికి వస్తుందని ఎలా అనుకుంటున్నావు?

నాకు బాగా మండింది ఇంకోటి. ఆ ఇద్దరిలో ఒకడు సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉందని జ్వరంతోనే ఆఫీసుకు వచ్చాడన్నావు. కిందటిసారి అలాగే వచ్చిన ఇంకొకడిని మీ పెద్దాయన మీటింగ్‌లో నిలబెట్టి 'డెడికేషన్ అంటే ఇదీ' అని చప్పట్లు కొట్టించాడని నువ్వే చెప్పావు, నవ్వుతూ. మొన్న చప్పట్లు కొట్టిన చేతులే ఇవాళ అలాగే వచ్చిన ఇతని పేరు గ్రూపులో టైపు చేశాయి. పాపం ఆ పిల్లాడు దేన్ని నమ్మాలి?

2020 మార్చిలో మైండ్‌స్పేస్ ఐటీ పార్కులో ఒకరికి కరోనా అనుమానమని బిల్డింగ్ ఖాళీ చేయించిన రోజు నీకు గుర్తుండే ఉంటుంది, నువ్వు ఆ పక్కనే పనిచేసేదానివి. ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటుందని పరుగెత్తిన జనం లిఫ్టుల్లో ఎలా కిక్కిరిసి దిగారో నువ్వే చెప్పావు. ఆ మర్నాడే నెగెటివ్ అని తేలింది. దానికి కొన్ని రోజుల ముందే, చికెన్ తింటే కరోనా వస్తుందన్న పుకారు పోగొట్టడానికి మన మంత్రులు వేదికెక్కి చికెన్ తినాల్సి వచ్చింది. జనాన్ని నేను తప్పు పట్టను. ఏం చేయాలో తెలియనప్పుడు ఏదో ఒకటి చేయబుద్ధవుతుంది. పొగ పట్టించడం, గన్ పెట్టడం కూడా అలాంటివే. చేస్తే చేసుకోనీ, కానీ పని అక్కడితో అయిపోయిందనుకోకు.

నీ చేతిలో ఉన్నవి కొన్ని చెబుతాను. జ్వరమొస్తే నీ ఒక్కదానికే మెసేజ్ పెట్టమను, పేరు ఎక్కడా బయటికి రాదని చెప్పు, అన్నమాట మీద నిలబడు. మొదటిరోజే డాక్టర్ సర్టిఫికెట్ అడగకు. ఆ కాగితం కోసం పడుకోవాల్సిన మనిషి క్లినిక్‌లో పదిమంది మధ్య కూర్చోవాలి. మాత్ర వేసుకోకుండా 24 గంటలు జ్వరం రాకపోతే ఆఫీసుకు రావచ్చు. ఎక్కువమంది అయిదు నుంచి ఏడు రోజుల్లో తేరుకుంటారు. ఆ తర్వాత కూడా ఒకటి రెండు వారాలు దగ్గు ఉండొచ్చు, ఆ దగ్గు చూసి ఎవరినీ ప్యాంట్రీలో కూర్చోబెట్టొద్దు. కిటికీలు తెరుచుకునే బిల్డింగ్ కాదు కాబట్టి, కలిసి కూర్చునే మీటింగ్‌లు ఈ పది రోజులు తగ్గించు. జ్వరంతో పనిచేసినవాణ్ని ఇంకెప్పుడూ నలుగురి ముందు మెచ్చుకోకు, మీ పెద్దాయన మెచ్చుకుంటే పక్కకు పిలిచి చెప్పు. ఆయనకు నచ్చకపోవచ్చు. నచ్చజెప్పడం నీ ఉద్యోగం.

ఆ ఇద్దరూ కూర్చున్న చోటు ఊడ్చి తుడిచిందని హౌస్‌కీపింగ్ ఆవిడను రావొద్దన్నారట. ఆవిడకు జ్వరం లేదు, దగ్గు లేదు, సిక్ లీవూ లేదు. మీ ఇంజినీర్లు అదే చోట కూర్చుని కూడా ఇంట్లోంచి పనిచేసుకుంటూ నెల జీతం తీసుకుంటారు. ఈ ఒక్క విషయంలో నువ్వు మెత్తబడొద్దు. సోమవారంకల్లా ఆవిడను పనిలోకి పిలిపించు, ఇంట్లో కూర్చున్న రోజులకు కూడా కూలీ ఇప్పించు. కాంట్రాక్టర్ మనిషితో నోటిమాటగా అనొద్దు, అడ్మిన్‌కు మెయిల్ పెట్టి ఆవిడ హాజరు కాపీ అడుగు. నేను చూసినంతలో, కాగితం మీద లేని మాటను వాళ్లు ఆ నెల బిల్లు దగ్గరే మర్చిపోతారు.

ఉంటాను.

మీ అమ్మ

తా.క. మన దగ్గర ఫ్లూ ఏడాదికి రెండుసార్లు తిరగబెడుతుంది, జనవరి నుంచి మార్చి దాకా ఒకసారి, వానల తర్వాత ఇంకోసారి. టీకా వేసుకున్నాక పనిచేయడానికి రెండు వారాలు పడుతుంది, ప్రతి ఏడాదీ వేసుకోవాలి. నీకు, అల్లుడికి, బుడ్డిదానికి వేయించు. మీ హెచ్‌ఆర్ వాళ్లు క్యాంపు పెట్టిస్తే హౌస్‌కీపింగ్, సెక్యూరిటీ వాళ్ల పేర్లు కూడా ఆ లిస్టులో ఉన్నాయో లేదో చూడు.