రెండు అచ్చుల రూలు పిల్లల చేత తప్పు చదివిస్తోంది

ఎడిటర్ గారికి నమస్కారం అండి,

పోయిన వారం మీ స్టూడెంట్స్ పేజీలో ఇంగ్లీష్ చదవడానికి టిప్స్ వేశారు కదా, అందులో రెండు వవెల్స్ పక్కపక్కన వస్తే మొదటిదాన్ని దాని పేరుతోనే పలకాలి, రెండోది సైలెంట్ అని ఒక రూల్ ఇచ్చారు. ఇది కొత్తదేం కాదు, అమెరికా ప్రైమరీ స్కూళ్లలో ఎప్పట్నుంచో పాటలాగా నేర్పించేదే, ఇప్పుడు మన దగ్గర అక్షరాల సౌండ్లతో చదవడం నేర్పే ఫోనిక్స్ క్లాసుల్లో కూడా అదే చెప్తున్నారు. కానీ 1963లోనే థియోడోర్ క్లైమర్ అనే ఆయన అక్కడి చిన్న పిల్లల రీడింగ్ పుస్తకాల్లో వచ్చే మాటల మీద ఇలాంటి రూల్సన్నీ పెట్టి చూస్తే ఈ రూల్ 45 శాతం మాటలకే సరిపోయింది. సగం మాటలకి కూడా పనికిరాని దాన్ని పిల్లలకి రూల్ అని ఎందుకు చెప్పాలండి?

నేను ఇంటి దగ్గర సర్కారు బడి పిల్లలకి ట్యూషన్ చెప్తాను. నాలుగో క్లాసు పాప ఒకతి, ఈ రూల్ బాగా వంటబట్టిన పిల్ల, బ్రెడ్ (bread) అన్న మాటని బ్రీడ్ అని చదివింది. పొద్దున టీలో బ్రెడ్ ముంచుకుని తినొచ్చిన పిల్లే. ఎందుకట్లా చదివావమ్మా అంటే "ఈ (e) మాట్లాడుద్ది, ఏ (a) మాట్లాడదు టీచర్" అంది. పాప తప్పేం లేదు, చెప్పింది చెప్పినట్టే చేసింది, కాకపోతే నోటికి వచ్చిన మాటని రూల్ కోసం పక్కన పెట్టేసింది, పైగా బ్రీడ్ అని వేరే మాట ఉంది కాబట్టి తప్పు చదివానని దానికి ఎప్పటికీ అనుమానం రాదు.

ఒక్క ఈ-ఏ (ea) అనే జతనే తీసుకోండి. టీలో ఈ, హెడ్‌లో ఎ, బ్రేక్‌లో ఏ, హార్ట్‌లో ఆ, ఇయర్‌ఫోన్స్‌లో ఇయ, ఎర్లీలో ఇంకోటి, థియేటర్‌లో అయితే రెండూ విడివిడిగా పలుకుతాయి. ఇదంతా ఎవరో కావాలని చేసింది కాదు. మాంసం అనే మీట్ (meat), కలవడం అనే మీట్ (meet) ఒకప్పుడు వేరువేరుగా పలికేవాళ్లు, అందుకే స్పెల్లింగులు వేరు. 1476లో విలియం కాక్స్టన్ అనే ఆయన లండన్ పక్కన వెస్ట్‌మినిస్టర్‌లో ఇంగ్లండ్‌లోనే మొదటి ప్రింటింగ్ ప్రెస్ పెట్టాక స్పెల్లింగులు మెల్లగా గట్టిపడుతూ వచ్చాయి, జనం పలకడం మాత్రం తర్వాత కూడా మారుతూనే పోయింది, ఈ జత ఉన్న చాలా మాటలు 'ఈ' అనే సౌండ్ వైపు జరిగితే గ్రేట్, బ్రేక్, స్టేక్ 'ఏ' అనే సౌండ్ దగ్గరే ఆగిపోయాయి, హెడ్, బ్రెడ్, డెడ్ లాంటివి పొట్టివైపోయాయి. ఇంత చరిత్ర ఉన్న జతని ఒక్క లైన్లో ఎట్లా చెప్తాం?

అన్ని జతలూ ఇట్లాగే ఉంటాయని కాదు, డబుల్ ఈని (ee) దాదాపు నమ్మొచ్చు, ఓ-ఏ (oa) కూడా బోటు, కోటు, రోడ్డు, సోపు అన్నిటికీ సరిపోతుంది, బ్రాడ్ దగ్గర మాత్రం తప్పుతుంది.

నేను చెప్పేది ఏంటంటే పిల్లల చెవిలో ఆల్రెడీ ఉన్న మాటలతో మొదలుపెట్టాలి. ఇంగ్లీష్ అక్షరం ముక్క రాని ముసలమ్మ కూడా బిస్కెట్, బిల్డింగ్, జ్యూస్, గైడ్ అంటుంది, నాలుగిట్లో ఉన్నది యూ-ఐ (ui) అనే ఒకే జత, నాలుగూ సరిగ్గానే పలుకుతుంది. కంట్రీ, డబుల్, ట్రబుల్, టచ్ ఒక గుంపు, సూప్, కూపన్, గ్రూప్ ఇంకో గుంపు, స్పెల్లింగ్‌లో అన్నిట్లో ఉన్నది ఓ-యూ (ou) జతే. ఇట్లా గుంపులుగా బోర్డు మీద రాస్తే పిల్లలే పోలిక పట్టేస్తారు, నా దగ్గర రోజూ చూస్తున్నదే. చెవిన పడని మాటల దగ్గరే ఇబ్బంది. మనకి అచ్చు పక్కన అచ్చు వస్తే మధ్యలో య వచ్చేస్తుంది కదా, మా అమ్మ మాయమ్మ అయినట్టు, అందుకే లెపర్డ్‌ని (leopard) లియోపార్డ్ అనేస్తారు.

అందుకే మీకు ఒక రిక్వెస్ట్. కొత్త మాట వేసినప్పుడల్లా పక్కన తెలుగులో ఉచ్చారణ కూడా వెయ్యండి. మనకి ఎ, ఏ రెండూ ఉన్నాయి, ఒ, ఓ రెండూ ఉన్నాయి, హిందీ వాళ్లకి పొట్టి ఎకి విడిగా అక్షరమే లేదు, ఇంత మంచి లిపి చేతిలో పెట్టుకుని బ్రెడ్‌కీ బ్రేక్‌కీ తేడా చూపించకపోతే ఎట్లా? ఎర్లీ, లర్న్ లాంటి వాటిలో వచ్చే సౌండ్‌కి సరైన అక్షరం మన దగ్గర లేదు నిజమే, అలాంటి చోట ఒక స్టార్ గుర్తు పెట్టి డిక్షనరీ యాప్‌లో స్పీకర్ బొమ్మ నొక్కి వినమని కింద రాస్తే చాలు. ముందు మాత్రం ఆ రెండు వవెల్స్ రూల్ తప్పని వచ్చే వారం అదే పేజీలో అదే సైజు అక్షరాల్లో వెయ్యండి, చాలామంది పిల్లలు దాన్ని కట్ చేసి నోట్‌బుక్కుల్లో అంటించుకున్నారు.

ఇట్లు,
ఒక ట్యూషన్ టీచర్, ఖమ్మం