దుమ్ముతో పోయిన ప్రాణం లెక్కలోకి రాదా?

సంపాదకునికి,

బాయిలర్ పేలితే వార్త అవుతుంది. ఊపిరితిత్తుల్లో దుమ్ము పేరుకుని ఇంట్లో మంచం మీద పోయినవాడు ఏ ప్రమాదాల లెక్కలోనూ ఉండడు. మా బావగారు పలుగురాయిని పొడి చేసే మిల్లులో పదకొండేళ్లు సంచులు నింపారు. ముఖానికి తువ్వాలు చుట్టుకునేవారు. కంటికి కనిపించని సిలికా రేణువులకు తువ్వాలు అడ్డమా? దగ్గు ముదిరాక రెండుసార్లు క్షయ మందులు వాడించారు. ఏం పని చేస్తావని ఒక్క డాక్టరూ అడగలేదు. చివరికి నాగపూర్‌లో అది సిలికోసిస్, అంటే సిలికా దుమ్ముతో వచ్చే ఊపిరితిత్తుల జబ్బు అని తేలింది. దాన్ని నయం చేసే మందు లేదు.

ఈ జబ్బును గుర్తించిన డాక్టరు ఫ్యాక్టరీల చీఫ్ ఇన్‌స్పెక్టర్‌కు తెలియజేయాలని అప్పటి 1948 ఫ్యాక్టరీల చట్టంలోనే రాసి ఉండేది. 1923 నాటి కార్మికుల పరిహార చట్టం కూడా దీన్ని వృత్తి వ్యాధిగా గుర్తించింది. తీరా అడగబోతే కాంట్రాక్టరు హాజరు పుస్తకంలో బావగారి పేరే లేదు. మరాఠీలో ఉన్న ఏదో కాగితం మీద మా అక్క చేత వేలిముద్ర వేయించుకున్నారు (ఆమెకు తెలుగు చదవడమే అంతంతమాత్రం).

బల్లార్షా, రాజురా ప్రాంతాల్లో ఇలాంటి మిల్లుల్లో పనిచేసేవారికి, మానేసినవారికి కూడా, శిబిరాలు పెట్టి ఛాతీ ఎక్స్‌రే తీయించాలి. ఆ శిబిరాలకు తెలుగు తెలిసిన ఒక మనిషినైనా పంపాలని చంద్రపూర్ జిల్లా అధికారులను కోరుతున్నాను.

- ఒక పాఠకుడు, బల్లార్షా