నెట్ తెగితే తప్పు మోడెమ్‌దేనా?

సంపాదకులకు నమస్కారం.

ఫోన్ లైను ద్వారా నంబరు డయల్ చేసి కలిపే డయల్-అప్ ఇంటర్నెట్ వాడిన రోజుల్లో అది మాటిమాటికీ తెగిపోతుంటే చాలామంది ముందుగా మోడెమ్‌నే (కంప్యూటర్‌ను ఫోన్ లైనుకు కలిపే పరికరాన్నే) మార్చేసేవారు. మా ఇంట్లో అదే లైనుకు కలిపిన పడకగదిలోని రెండో ఫోన్ ఎవరు ఎత్తినా నెట్ తెగేది. దాన్ని తీసేశాక కూడా మరో కాల్ వస్తోందని తెలిపే కాల్ వెయిటింగ్ బీప్ వచ్చినప్పుడల్లా ఆగిపోయేది కనుక ఆ సదుపాయాన్ని రద్దు చేయించుకున్నాం. అయినా వాన పడితే మళ్లీ మొదటికే వచ్చేది. ఒక అంకె నొక్కి డయల్ టోన్ ఆగాక రిసీవర్‌లో గరగర వినిపిస్తే లోపం లైనులో ఉండే అవకాశం ఎక్కువని గ్రహించాలి. 56కె (సెకనుకు 56 కిలోబిట్ల) మోడెమ్ వేగాన్ని 33.6కెకు తగ్గిస్తే నెట్ సంబంధం కొంత నిలిచేది గానీ, స్తంభం మీది పెట్టెలో తడిసిన తీగల జాయింట్లను ఇంట్లోవాళ్లం బాగుచేసుకోలేం కదా! తెగిన ప్రతిసారీ మళ్లీ డయల్ చేయడంతో ఫోన్ బిల్లూ పెరిగేది. వానాకాలానికి ముందే ఆ పెట్టెలను తనిఖీ చేయించాలని అప్పట్లో అధికారులను కోరాను.

— ఒక పాఠకుడు, తెనాలి