ఆరు కోణాల నక్షత్రాన్ని చెక్కేయకండి: పురావస్తు అధికారి గారికి బహిరంగ లేఖ

అయ్యా,

మాది నాందేడ్ జిల్లా దెగ్లూర్ వైపు పల్లె. ఇళ్లలో తెలుగు, బజారులో మరాఠీ. మా ఊరి పాత రాతి ద్వారం కమాను పక్కన ఆరు కోణాల నక్షత్రం ఉంది. మరమ్మతుల పేరుతో దాన్ని చెక్కేస్తారని వింటున్నాం. అది పరాయి మతం గుర్తని వాట్సాప్‌లో ఒకటే గోల.

ఢిల్లీలో 1570ల నాటి హుమాయూన్ సమాధి కమానులకు అటూ ఇటూ ఇదే నక్షత్రం కనిపిస్తుంది. పూజలో పెట్టే మన యంత్రాల్లో దీన్నే షట్కోణం అంటారు: పైకి చూసే త్రికోణం శివుడు, కిందికి చూసేది శక్తి. యూదులకు సొంత దేశం కోరిన జియోనిస్టు ఉద్యమం దీన్ని జెండా మీదికి తీసుకుంది ఎంతో తర్వాత, 1897లో. అసలు శిల్పికి కావలసింది తాడూ మేకూ. వృత్తం గీసి, గీసిన తాడు పొడవు కొలతతోనే వృత్తం చుట్టూ గుర్తులు పెడితే సరిగ్గా ఆరు పడతాయి. ఒకటి విడిచి ఒకటి కలిపితే నక్షత్రం. ఇంత తేలికైన లెక్కకు మతమేంటి?

మా ద్వారంపై నక్షత్రం ఎవరు, ఎందుకు చెక్కారో తేల్చాల్సింది మీ నిపుణులు. అందాకా ఉలి, సిమెంటు, ఆయిల్ పెయింట్ దాని దగ్గరికి రానివ్వకండి. ముందు ఫొటోలు, కొలతలు తీయించండి. మరాఠీతో పాటు తెలుగులోనూ ఒక బోర్డు పెట్టించండి.

ఇట్లు,
దెగ్లూర్ ప్రాంత వాసి