పవర్ ప్యాక్ అమ్మేవారు ఆ రెండు అంకెలు రాసివ్వాలి

సంపాదకులకు నమస్కారం.

ఇంటి వెనుక రేకుల షెడ్డులో చిన్న ప్రెస్సో, పైపులు వంచే యంత్రమో, విస్తరాకుల యంత్రమో పెట్టుకుని బతుకుతెరువు చూసుకునేవారు మన రెండు రాష్ట్రాల్లోనూ ఊరూరా కనిపిస్తారు. వీరిలో చాలామంది యంత్రాన్ని నాలుగు చోట్ల చూసి, గీచి గీచి బేరమాడి కొంటారు గాని, దాన్ని ఆయిల్ ఒత్తిడితో నడిపించే మోటారు, పంపు, ట్యాంకుల కూర్పు అయిన హైడ్రాలిక్ పవర్ ప్యాక్ దగ్గరికి వచ్చేసరికి మోటారు ఎన్ని హెచ్‌పీ, ట్యాంకు ఎన్ని లీటర్లు అన్న రెండు ప్రశ్నలతో సరిపెట్టుకుంటారు. ఎంత ప్రెషర్ ఇస్తుంది, నిమిషానికి ఎన్ని లీటర్ల ఆయిల్ తోస్తుంది అన్నవే దానికి అసలు కొలతలు. ఆ రెండూ రాసివ్వని చోట పవర్ ప్యాక్ కొనవద్దని తోటివారికి చెప్పడానికే ఈ లేఖ రాస్తున్నాను.

ఫిట్టరుగా 28 ఏళ్లు పనిచేసి పదవీ విరమణ చేసిన నేను కూడా ఈ పొరపాటు చేశాను. ట్రాక్టర్లకు, వరికోత యంత్రాలకు బేరింగులు, బుష్‌లు ఎక్కించడానికీ ఊడదీయడానికీ ఇంటి దగ్గర ఒక ప్రెస్సు కట్టుకున్నాను. చానళ్లతో ఫ్రేము నేనే వెల్డింగు చేసుకుని, 100 మిల్లీమీటర్ల బోరు ఉన్న పాత సిలిండరును సీళ్లు మార్చి బిగించాను. పవర్ ప్యాక్ మాత్రం ఒక దుకాణంలో కొన్నాను. 5 హెచ్‌పీ సింగిల్ ఫేజు మోటారు, 40 లీటర్ల ట్యాంకు, ఇంతకన్నా ఇంకేం కావాలన్నారు. ప్రెషర్ గేజి అడిగితే అది వేరే కొనుక్కోవాలన్నారు. నేనూ అప్పటికి ఊరుకున్నాను.

స్విచ్చి వేసిన ప్రతిసారీ ఇంట్లో దీపాలు మసకబారేవి. బిగుసుకుపోయిన బుష్ ఊడదీయబోతే బలం చాలలేదు. ప్రెషర్ హద్దు మీరకుండా ఆయిల్‌ను ట్యాంకులోకి వదిలే రిలీఫ్ వాల్వు స్క్రూ ఇంకాస్త బిగిస్తే మోటారు మూలిగి ఎంసీబీ పడిపోయేది. ఒక మధ్యాహ్నం షాఫ్టు మీదికి బేరింగు ఎక్కిస్తున్నాను. అది వెంట్రుకవాసి ఒరిగి ఉందని కంటికి కనిపించింది గాని, నా చెయ్యి లివరును వెనక్కి లాగేలోపే ర్యామ్ (సిలిండరులోంచి దిగి నొక్కే కడ్డీ) దిగిపోయింది. టప్పుమని చప్పుడై, బేరింగు రింగు రెండుగా చీలి ఒక ముక్క వచ్చి షెడ్డు రేకుకు తగిలింది. ఆ సమయంలో పక్కన మా మనవడు లేకపోవడం మా అదృష్టం.

ఆ మర్నాడు గేజి కొని బిగించి, పంపు విప్పి దాని మీద చెక్కిన అంకె చూశాను. ఒక చుట్టుకు 12 సీసీల ఆయిల్ తోసే గేర్ పంపు అది. మోటారు నిమిషానికి 1,440 చుట్లు తిరుగుతుంది కాబట్టి నిమిషానికి సుమారు 17 లీటర్లు వస్తుంది. ఇక్కడి లెక్క హైస్కూలు పిల్లలు కూడా చేయగలిగినదే. ప్రెషర్‌ను బార్లలోనూ ఆయిల్‌ను నిమిషానికి లీటర్లలోనూ తీసుకుని, ఆ రెంటినీ గుణించి 600తో భాగిస్తే కావలసిన శక్తి కిలోవాట్లలో వస్తుంది. పంపులో పోయే నష్టం కింద దాన్ని మళ్లీ 0.85తో భాగించాలి. నా సిలిండరు వైశాల్యం 78.5 చదరపు సెంటీమీటర్లు. 12 టన్నుల బలం రావాలంటే 150 బార్ల ప్రెషర్ కావాలి. (వర్క్‌షాపుల్లో 150 కేజీలనేది, అంటే చదరపు సెంటీమీటరుకు 150 కేజీలు, ఇంచుమించు దీన్నే.) 17 లీటర్లను 150 బార్ల దగ్గర తోయాలంటే 5 కిలోవాట్లు కావాలి, 5 హెచ్‌పీ మోటారు ఇచ్చేది 3.7 కిలోవాట్లే. అందుకే గేజిలో ముల్లు 110 దగ్గరికి చేరేసరికి మోటారు చేతులెత్తేసింది. బలం చాలకపోవడానికీ, ర్యామ్ వేగం చేతికి లొంగకపోవడానికీ కారణం ఒకటే: పంపు నా పనికి మించిన పెద్దది.

పంపు మార్చి 4 సీసీలది వేశాను. నిమిషానికి ఆరు లీటర్లకు కొంచెం తక్కువే వస్తుంది. 150 బార్లకు 1.7 కిలోవాట్లు చాలు కాబట్టి 3 హెచ్‌పీ మోటారు మీద నిశ్చింతగా నడుస్తోంది. 15 సెంటీమీటర్లు దిగడానికి ర్యామ్‌కు ఇదివరకు నాలుగు సెకన్లు పట్టేది, ఇప్పుడు పన్నెండు సెకన్లు పడుతుంది. బేరింగు ఎక్కించేవాడికి ఆ ఎనిమిది సెకన్లు నష్టం కాదు. ఒరిగిందేమో చూసుకుని, ఆపి, సుత్తితో ఒక చిన్న దెబ్బ వేసి సర్దుకునే వ్యవధి అది.

విస్తరాకుల, ప్లేట్ల యంత్రాలవారి అవసరం వేరు. అచ్చు ఖాళీగా దిగేటప్పుడు వేగం కావాలి, ఆకు మీద ఆనాక బలం కావాలి. అటువంటి పనికి, కట్టెలు చీల్చే యంత్రానికి కూడా, రెండు దశల పంపు తగినది. భారం లేనంతసేపు ఎక్కువ ఆయిల్ ఇచ్చి, ప్రెషర్ పెరగగానే పెద్ద పంపు ఆయిల్‌ను ట్యాంకులోకి వదిలేసి చిన్న పంపుతోనే నొక్కుతుంది. చిన్న మోటారుతో రెండు పనులూ జరుగుతాయి. ధర కొంచెం ఎక్కువే గాని, ఇంటి కరెంటుతో నడుపుకునేవారు దాన్ని తప్పక అడగాలి.

లివరుతో ఆయిల్ దారి మళ్లించే డైరెక్షన్ వాల్వు సంగతి ఎవరూ చెప్పరు. లివరు మధ్యలో ఉన్నప్పుడు పంపు ఆయిల్ తిన్నగా ట్యాంకులోకి పోయే వాల్వు కావాలని అడగండి. నాకు ఇచ్చిన వాల్వులో ఆ దారి మూసి ఉండేది. పని లేనప్పుడు కూడా ఆయిల్ అంతా రిలీఫ్ వాల్వును తోసుకుని పోతూ, ఆ శక్తంతా వేడిగా మారి, అరగంటకే ట్యాంకు చెయ్యి పెట్టలేనంత కాలేది. ఆయిల్ 60 డిగ్రీలు దాటకుండా చూసుకుంటే సీళ్లు నిలుస్తాయి. మన వేసవికి 68 గ్రేడు ఆయిల్ మంచిది. ట్యాంకు, నిమిషానికి వచ్చే ఆయిల్‌కు మూడింతలుంటే చాలు.

ఖర్చు తగ్గుతుందని ట్రాక్టరు పాత పంపుకు బెల్టు వేసి తిప్పుతున్నవారిని చూశాను. గేర్ పంపు షాఫ్టు బెల్టు లాగుడును పక్క నుంచి మోసేందుకు చేసినది కాదు, బుష్‌లు త్వరగా అరిగిపోతాయి. మోటారుకు నేరుగా కప్లింగుతో బిగించడమే పద్ధతి.

ప్రాణానికి సంబంధించిన మాట ఒకటుంది. హోస్ పైపులో గుండుసూది మొనంత చిల్లు పడినా, దానిలోంచి వచ్చే ఆయిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి చీమ కుట్టినంత చుక్క తప్ప ఏమీ కనిపించదు, మొదట్లో నొప్పి కూడా పెద్దగా ఉండకపోవచ్చు. లోపల కండ మాత్రం కుళ్లిపోతుంది. ఆలస్యమైతే వేలో, చెయ్యో తీసేయవలసి వస్తుంది. కాబట్టి ఆయిల్ ఎక్కడ కారుతోందో చేత్తో తడిమి చూడవద్దు, అట్టముక్క అడ్డంపెట్టి చూడండి. ఆ చుక్క పడితే కట్టు కట్టుకుని ఊరుకోకుండా, ఆ గంటలోనే పెద్దాసుపత్రికి వెళ్లి, ప్రెషర్ ఆయిల్ లోపలికి పోయిందని డాక్టరుగారికి స్పష్టంగా చెప్పండి. రెండు వరుసల తీగ అల్లిక ఉన్న హోస్ పైపులే వాడండి. రిలీఫ్ వాల్వును పని ప్రెషర్ కన్నా పదో వంతు ఎక్కువకు మించి బిగించవద్దు.

స్వయం ఉపాధి పథకాల కింద రుణాలు మంజూరు చేసే జిల్లా పరిశ్రమల కేంద్రాల అధికారులకూ, బ్యాంకు మేనేజర్లకూ మీ పత్రిక ద్వారా ఒక విన్నపం. దరఖాస్తుతో వచ్చే కొటేషన్‌లో గరిష్ఠ ప్రెషర్, నిమిషానికి వచ్చే ఆయిల్, మోటారు కిలోవాట్లు, ఫేజు రాసి లేకపోతే దాన్ని తిప్పి పంపించండి. ప్రెషర్ గేజి విడిగా కొనుక్కోవలసిన సామాను కాదని, పవర్ ప్యాక్‌లో భాగమేనని ఆ కొటేషన్‌లోనే రాయించండి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఫిట్టరు,
మండపేట.