జోజప్పగారి సంగతి

గుణదల,
జనవరి 18

అమ్మా బుజ్జీ,

కింది వాటా వాళ్ళబ్బాయి డల్లాస్ వస్తున్నాడంటే మీ అమ్మ గోంగూర పచ్చడి, సున్నుండలు, చంటిదానికి ఉన్ని టోపీ సర్దింది. ఈ కాగితం టోపీలో పెడుతున్నాను. పచ్చడిలో తడి స్పూన్ పెట్టకు. ఈమధ్య ఆదివారాలు ఫోన్ చెయ్యడం లేదు. పనుల్లో ఉంటావులే.

మొన్న పూజ అయ్యాక చిట్టి పిన్ని గుడి దగ్గర ఆపి ఒక మాట అంది. ఇల్లు అమ్ముడుపోవాలని నువ్వు యేసుప్రభువును పెంచిన తండ్రి జోజప్పగారి స్వరూపాన్ని పెరట్లో తలకిందులుగా పాతావట. అక్కడ చాలామంది చేస్తారట, అందుకోసమే బొమ్మలు డబ్బాల్లో పెట్టి అమ్ముతారట. పిన్ని మాటలు తెలిసినవేగా, నేను నమ్మలేదు.

ఇక్కడ తిరునాళ్ళ హడావుడి మొదలైంది. వచ్చే నెల 9, 10, 11. ఆర్లాటి ఫాదరుగారు 1924లో కొండమీద మరియమాత స్వరూపం పెట్టిననాటి నుంచి జనం వస్తూనే ఉన్నారు. కొబ్బరికాయలు, తలనీలాలు, కొవ్వొత్తులు... హిందువులూ బోలెడుమంది. "ఇదీ మూఢనమ్మకమేగా మావయ్యా" అని నీ మరిది ఒకసారి అన్నాడు. మన కతోలిక సభ సత్యోపదేశం పుస్తకం తీసి 2111వ పేరా చదివించాను. మనసుతో పని లేకుండా పైపైన చేసే తంతుకే ఫలితం వస్తుందనుకుంటే అది మూఢనమ్మకం అని ఉంది. గుండు కొట్టించుకున్నవాళ్ళందరూ ఆ లెక్కలోకి రారు. బొమ్మ పాతడం మాత్రం... సరే, నేను నమ్మలేదన్నానుగా.

నాయనమ్మ గేదె సంగతి తెలుసు కదా? తెలిసినా మళ్ళీ విను. మేతకెళ్ళిన ఒంటికొమ్ము గేదె రాలేదు. దొరికితే మంగళవారం పూట పాలన్నీ పిల్లలకు పోస్తానని, పోయినవి వెతికిపెట్టే పునీత అంతోనివారికి మొక్కుకుంది. తాతయ్య ఏలూరు కాలవ గట్టెంట నిడమానూరు దాకా వెతికాడు. లేదు. నాయనమ్మకు ఒళ్ళు మండి స్వరూపాన్ని గూట్లోంచి దింపి, "ఊళ్ళో వాళ్ళవన్నీ వెతికిపెడతావు, నా గేదె కనపళ్ళేదా నీకు" అని కడిగేసింది. మిగతా తిట్లు రాయలేను. కాసేపటికి తనే కొంగుతో దుమ్ము తుడిచి మళ్ళీ గూట్లో పెట్టింది. మంగళవారం వచ్చింది. గేదె లేదు, పాలు లేవు. పక్కింట్లో అప్పు తెచ్చి, కాచి, బెల్లం వేసి, జ్ఞానోపదేశానికొచ్చిన పిల్లలందరికీ గ్లాసుల్లో పోసింది. ఇదేంటని తాతయ్య అడిగితే, "గేదె పోయింది గానీ ఆయనెక్కడికి పోయాడు" అంది. ఆ గేదె ఇప్పటిదాకా దొరకలేదు.

కాబట్టి "నాయనమ్మ తిట్టింది, నేను పాతాను" అనకు. ఇంటి మనిషి కాబట్టి తిట్టింది. పని అయ్యాక పైకి తీస్తానని మట్టిలో తలకిందులు పెట్టడం బెదిరింపు. అందులోనూ ఆయన్ని! బేత్లెహేములో దిగడానికి చోటు దొరక్క తిరిగినాయన, రాత్రికి రాత్రి తల్లినీ బిడ్డనూ ఐగుప్తు చేర్చినాయన. ఇల్లు లేకపోతే ఎలా ఉంటుందో ఆయనకు చెప్పాలా? కూర్చుని నీ భాషలో అడుగు, చాలు. నిన్నేం అనడం లేదు, పిన్ని అంది కాబట్టి రాస్తున్నా.

ఒకవేళ పాతి ఉంటే, పారతో పొడవకుండా చేత్తో తియ్యి. గ్లవుజులు వేసుకో, చలిలో నీ వేళ్ళు పగులుతాయి. గోరువెచ్చటి నీళ్ళతో కడిగి హాల్లో పెట్టు. ఆ కారుతున్న కిచెన్ ట్యాపు బాగు చేయించు, రేటు కాస్త తగ్గించు. నువ్వు చెప్పిన రేటుకు నాకే కళ్ళు తిరిగాయి, కొనేవాళ్ళ సంగతి చెప్పాలా. అల్లుడుగారిని అడిగానని చెప్పు.

ఆదివారం ఫోన్ చెయ్యి. ఇల్లు ఎంతకు పోయిందో ముందు నాకు చెప్పు, చిట్టి పిన్నికి కాదు.

నాన్న