ఎవరి ముందు ఒప్పుకున్నాడో కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

నగరంలో హత్యో దోపిడీయో జరిగిన రెండు రోజులకే పత్రికల్లో ‘నేరం ఒప్పుకున్న నిందితుడు’ అని పెద్దక్షరాల్లో వస్తోంది. ప్రెస్‌మీట్‌లో ముసుగేసి నిలబెట్టిన మనిషిని జనం అక్కడికక్కడే దోషిని చేసేస్తున్నారు. నాంపల్లి కోర్టుల్లో ప్రాక్టీసు చేస్తున్న నాకు ఇది చాలా బాధ కలిగిస్తోంది. పోలీసుల ముందు చేసిన నేరాంగీకారం కోర్టులో చెల్లదు. 1872 నాటి సాక్ష్య చట్టంలోని 25వ సెక్షన్ ఈ మాటే చెప్పింది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 23వ సెక్షన్‌లోనూ అదే ఉంది.

పైగా నిందితుడు నోరు విప్పి చెప్పిందంతా నేరాంగీకారం కాదు. ‘ఆ రాత్రి వాళ్లింటికి వెళ్లాను, గొడవపడ్డాను’ అంటే కొన్ని సంగతులు ఒప్పుకున్నట్టు, అంతే. పిఠాపురం వ్యక్తి శవం పూరీలో, రైల్లోని ట్రంకు పెట్టెలో దొరికిన పాకాల నారాయణస్వామి కేసులో బ్రిటిష్ కాలంలో మన పై అప్పీలు కోర్టయిన ప్రీవీ కౌన్సిల్ 1939లోనే ఈ గీత గీసింది. నేరాన్ని సూటిగా గానీ, నేరానికి కావలసిన వాస్తవాలను దాదాపు అన్నింటినీ గానీ ఒప్పుకుంటేనే అది నేరాంగీకారం. మామూలు ఒప్పుకోలు సివిల్ దావాల్లో రోజూ వచ్చేదే. అద్దె బాకీ ఉందని రాసిన ఉత్తరం సాక్ష్యంగా పనికొస్తుంది కానీ అదే తిరుగులేని రుజువు కాదు, ఎందుకలా రాశారో చెప్పుకోవచ్చు.

పంచనామాల్లో, అంటే సాక్షుల ఎదుట పోలీసులు రాసే కాగితాల్లో, నిందితుడి మాట తరచూ ఇలా ఉంటుంది: ‘ఈ కత్తితో పొడిచాను, దాన్ని ఫలానా చోట దాచాను, నా వెంట వస్తే చూపిస్తాను.’ చెప్పినచోట కత్తి దొరికితే, మినహాయింపుగా దాచిన సంగతి వరకే కోర్టు తీసుకుంటుంది. ‘పొడిచాను’ అన్న మాటను పక్కన పెడుతుంది. గుంటూరు జిల్లా నుంచి ప్రీవీ కౌన్సిల్ దాకా వెళ్లిన పులుకూరి కొట్టయ్య కేసులో తేలింది ఇదే. మీ హెడ్డింగులో మాత్రం ఆ ‘పొడిచాను’ ఒక్కటే మిగులుతోంది.

మెజిస్ట్రేట్ దగ్గర చేసే నేరాంగీకారం పద్ధతే వేరు. ‘నువ్వు చెప్పి తీరాలని లేదు, చెబితే నీకు వ్యతిరేకంగా వాడవచ్చు’ అని ముందే హెచ్చరించాలి. ఇష్టపూర్వకంగానే చెబుతున్నాడని నమ్మకం కుదిరాకే నమోదు చేయాలి. చెప్పనంటే ఆ కారణంగా తిరిగి పోలీసు కస్టడీకి పంపకూడదు.

అందుకే ఇకపై ఇలాంటి వార్త వేసేటప్పుడు అతను ఏం చెప్పాడో, ఎవరి ముందు చెప్పాడో మొదటి వాక్యంలోనే రాయండి. పోలీసులు చెప్పిందే మీ దగ్గరున్న ఆధారమైతే ‘పోలీసుల కథనం ప్రకారం’ అని హెడ్డింగులోనే పెట్టండి.

– ఒక న్యాయవాది, హైదరాబాద్